పెదాలు కదిపితే చాలన్నారు

దేవుడు ఉన్నాడని నిరూపించే వాదాలు నేను మదనపల్లె లైబ్రరీలో నేర్చుకున్నాను. బడి చదువు నాకు ఐదో తరగతితోనే ఆగిపోయింది. యుద్ధం రోజుల్లో పుంగనూరు బెల్లం మండీలో గుమాస్తాగా ఉంటూ, సెలవు దొరికితే బొగ్గుతో నడిచే బస్సెక్కి పోయి, పాదిరీలు వదిలిపోయిన లావు ఇంగ్లీషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. మా చర్చి సంఘంలో అన్ని పుస్తకాలు చదివినవాడు మరొకడు లేడు. ఆ మాట ఇప్పటికీ తగ్గించి చెప్పను.

ఆ వాదాలన్నీ నా తమ్ముడి మీద ప్రయోగించాను. వాడు మదనపల్లెలో ఒక మిషన్ బడిలో అయ్యవారు.

"కుండ ఉందంటే కుమ్మరి ఉండాల కదరా?"

"ఆ కుమ్మరిని ఎవురు సేసిరన్నా? పుస్తకంలో సూసి రేపు సెప్పు" అని నవ్వేవాడు.

వాడికి అక్కడి ఆసుపత్రి నర్సు ఒకామెతో పెళ్లి కుదిరింది. వాళ్లది కుప్పం. ఇద్దరికీ మనసైన సంబంధమే. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పమని చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి. రెండు చదివారు. అంతలో, అందరూ లేచి దేవుణ్ణి నమ్ముతున్నామని విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు వీడు నోరే తెరవడం లేదని ఒక పెద్దమ్మ కనిపెట్టింది.

పాస్టరు గారు మా ఇద్దరినీ పిలిపించారు. కోప్పడలేదు. "వచ్చే ఆదివారం ముందు వరసలో నిలబడప్పా. శబ్దం రాకపోయినా పర్వాలేదు, పెదాలు కదుపు. నలుగురూ చూస్తే చాలు. మూడో ప్రకటన చదివేస్తాను."

"దేవుడు సూసినా పర్వాలేదా అయ్యా?" అన్నాడు తమ్ముడు.

ఆదివారం వాడు ముందు వరసలోనే నిలబడ్డాడు. ప్రమాణం ముగిసేదాకా పెదాలు బిగించుకునే ఉన్నాడు. పాస్టరు గారు ప్రకటన కాగితం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు.

బయట, చెప్పులు విడిచే చోట, పెళ్లి కుదిరిన ఆ నర్సు వాణ్ణి నిలేసింది.

"ఒక్క నిమిషం పెదాలు ఆడిస్తే నీ సొమ్మేం పోతాదప్పా? నమ్మినోళ్లకే లేని పట్టింపు నీకు యాల?"

"అబద్ధమాడి నిన్ను సేసుకోలేను."

"లేడంటాండావు కదా. లేనోడి ముందర అబద్ధమాడితే ఎవురికి తగల్తాది? నాకన్నా ఆ లేనోడే నీకు ఎక్కువైపాయ!"

వాడు వంగి చెప్పులు వేసుకున్నాడు. ఆమె మాటకు జవాబు నేను చదివిన ఆస్తికుల పుస్తకాల్లోనూ లేదు, నాస్తికుల పుస్తకాల్లోనూ లేదు.

దేవుడు లేడనడం తప్పు. అందులో నాకు ఈనాటికీ అనుమానం లేదు. కానీ ఆ పొద్దు చర్చిలో దేవుడి పేరు అబద్ధంగా పలకడానికి భయపడినవాడు వాడొక్కడే.

బడి వాళ్లు వాణ్ణి తీసేశారు. కలకడ వైపు పోయి రైతుల పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికాడు. ఆమెను కుప్పంలో ఒక కట్టెల కాంట్రాక్టరుకు ఇచ్చారు. అతను కూలీలను బెల్టుతో కొడతాడని ఊరందరికీ తెలుసు. విశ్వాస ప్రమాణం మాత్రం తడుముకోకుండా గట్టిగా చెబుతాడు. మూడు ప్రకటనలూ చదివారు. అభ్యంతరమని ఎవరూ లేవలేదు.

తరువాత ఒకసారి ఆమె తాను పనిచేసిన ఆసుపత్రికే చెయ్యి విరిగి వచ్చింది. కట్టు కట్టించుకుని మళ్లీ కుప్పం వెళ్లిపోయింది.

"దారి తప్పిన నీ తమ్ముడి కోసం ప్రార్థన చెయ్యప్పా" అని మా సంఘం వాళ్లు ఇప్పటికీ నాకు గుర్తు చేస్తుంటారు. చేస్తాను. ఆమె కోసం చెయ్యమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.