రహీం గారి సవరణ

నిన్న పంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నాను. పక్కనున్న ఆయన ఫోన్‌లోంచి గలగలమని నాణేలు రాలిన చప్పుడు. వెంటనే చక్కని తెలుగులో ఒక ఆడగొంతు: "ఒక్క ఆట ఆడండి, మీ కష్టాలన్నీ తీరిపోతాయి!" నా చెవులు వేడెక్కాయి. ఇలాంటి ప్రకటన ఎక్కడ విన్నా నాకు రహీం గారు గుర్తొస్తారు. ఆయనకు నేను చేసిన అన్యాయం కూడా.

కెనడాలోని విన్నిపెగ్‌లో తెలుగువాళ్ల కోసం నేను వార్తల యాప్ పెట్టిన రోజులవి. ఒక కిరాణా కొట్టు మీది గది మా ఆఫీసు. కర్నూలులో ఇరవయ్యేళ్లు పత్రిక డెస్కులో పనిచేసిన రహీం గారు ఇక్కడ పొద్దునా సాయంత్రం స్కూలు బస్సు నడిపేవారు, మధ్యలో మా యాప్‌కు సంపాదకత్వం వహించేవారు. చేరిన రోజే నేను పెట్టిన శీర్షిక చదివారు: "మంచులో తెలుగు విద్యార్థికి ఏం జరిగిందో తెలిస్తే షాకవుతారు!"

"ఏం జరిగిందమ్మా?" అని అడిగారు.

"బస్ మిస్సయి నడిచాడండీ. చలికి కాలివేళ్లు చచ్చుబడ్డాయి, ఫ్రాస్ట్‌బైట్."

"అదే రాయి. తెలిసింది దాచిపెట్టి జనాన్ని ఊరించేదెందుకు?"

చాదస్తం అనుకున్నాను. క్లిక్కులు రాకపోతే యాప్ ఎలా బతుకుతుందని వాదించాను కూడా. ఆయన నవ్వి, శీర్షిక మార్చేశారు.

కొన్నాళ్లకు మా ఇన్వెస్టర్ ఒక ఆన్‌లైన్ పేకాట కంపెనీని తీసుకొచ్చాడు. "యాడ్‌లా ఉండకూడదు, స్టోరీలా వెళ్లాలి" అన్నాడు. వాళ్లే రాసి పంపిన కథ, వాళ్లే పంపిన ఫోటో. ఆట ఆడి కాలేజీ ఫీజు సంపాదించుకున్న విద్యార్థి అట! రహీం గారు బస్సు మీద ఉన్న సమయం చూసి నేనే పబ్లిష్ చేశాను.

మరునాడు ఆయన ఆ ఫోటోలోని అబ్బాయిని వెతికి పట్టుకుని ఆఫీసుకు తీసుకొచ్చారు. అతని పేరు శ్రీకాంత్. ఏదో సాంస్కృతిక కార్యక్రమంలో తీసిన ఫోటోను ఎవరో ఎత్తుకెళ్లారు.

"అక్కా, నేను ఆ గేమ్ ఎప్పుడూ ఆడలే. నన్ను చూసి మా జూనియర్లు ఆడిన్రు. ఒకడు ఫీజు పైసలన్నీ పోగొట్టుకుండు. ఇంట్ల ఏం చెప్పాల్నో తెలుస్తలేదు వానికి."

రహీం గారు నా వైపు తిరిగారు. "ఈ పిల్లోనితో ఒక్కసారన్నా మాట్లాడినావా, అమ్మా?"

లేదు. ఆ వార్త తీసేసి, అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయమన్నారు ఆయన. ఇన్వెస్టర్ ఒప్పుకోలేదు. "సైలెంట్‌గా డిలీట్ చెయ్. సారీ చెప్తే కేసులవుతాయి" అన్నాడు. నేను సైలెంట్‌గా డిలీట్ చేశాను.

రహీం గారు ఆ రోజే మానేశారు. వెళ్లేముందు తెల్ల కాగితం మీద తన చేతిరాతతో సవరణ రాసి, కింద కొట్టు తలుపుకు అంటించారు: "మా యాప్‌లో వేసిన పేకాట వార్త అబద్ధం. ఫోటోలోని అబ్బాయికి ఏ సంబంధమూ లేదు. చూసుకోవలసిన సంపాదకుణ్ణి నేనే. క్షమించండి." కింద సంతకం.

నేను పరుగెత్తుకుంటూ దిగాను. "తప్పు నాది కదండీ, మీ పేరెందుకు?"

"సంపాదకునిగా నా పేరే కదమ్మా ఉండేది. ఆ పూట నేను లేనని ఎవరికని చెప్పుకోను?"

ఇన్వెస్టర్‌కు ఆ సంగతి చెబితే నవ్వాడు, కాగితం ఎవడు చదువుతాడని. చదివారు. సరుకులకు వచ్చిన పిల్లలు నిలబడి చదివి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంచారు. సిగ్గుపడి నేనూ క్షమాపణ వేశాను, మూడు రోజులు ఆలస్యంగా. ఇన్వెస్టర్ తప్పుకున్నాడు, యాప్ మూతపడింది. డబ్బు పోగొట్టుకున్న ఆ జూనియర్ ఫీజు మాత్రం తిరిగి రాలేదు, అతను చదువు ఆపేశాడు. పేకాట కంపెనీ మీద ఈగ కూడా వాలలేదు.

ఇప్పుడు నేనొక చిన్న వార్తల సైటు నడుపుతున్నాను. స్టార్టప్ సభలకు పిలిచి, ఓటమి నుంచి ఏం నేర్చుకున్నారో చెప్పమంటారు. మోసానికి ఓటమి అని ఎంత మర్యాదైన పేరు! ఆ వేదికల మీద నేను రహీం గారి గురించే చెబుతాను. ఆ వార్త వేసింది నేనేనని కూడా చెబుతాను, ఆ కంపెనీ మీదా నా మీదా కోపంతో. కిందికి దిగాక ఎవరో ఒకరు, ఇంత కోపం బిజినెస్‌కు మంచిది కాదని సలహా ఇస్తారు. కావచ్చు. ఆ కోపం ఉన్నన్నాళ్లే నాకు నా మీద కాస్త నమ్మకం.