వెనక వరుసలో డ్రమ్ము

బడిలో పిల్లలు బ్యాండు మాస్టారికి పెట్టిన పేరు వన్‌టూ మాస్టారు. మెట్లెక్కినా, అన్నం నమిలినా ఆయన లెక్క తప్పడని వాళ్ల వేళాకోళం. భార్య కూడా కాదనేది కాదు. "నేను కూర తరుగుతుంటే కత్తి చప్పుడు తాళం తప్పిందని లేచొచ్చే మనిషండీ" అని పక్కింటావిడకు చెప్పి నవ్వేది.

ఆయన తండ్రి లారీ రేడియేటర్లకు మాట్లు వేసేవాడు. ఆ విద్య కొడుక్కి బ్యాండులో అక్కరకొచ్చింది. సొట్టలు పడ్డ బాకాలు, చిల్లులు పడ్డ బూరలు తనే బాగుచేసుకునేవాడు. బ్యాండు గది మెట్ల కింద ఉండేది. ఒక్కటే కిటికీ, గోడ నిండా మేకులు, మేకుకొక వాయిద్యం. కొత్తగా వచ్చిన పిల్లలను ముందు ఒక కాగితం ముక్కను గోడకు ఆనించి, ఊపిరితో నిలబెట్టమనేవాడు. కాగితం జారకుండా ఇరవై అంకెలు ఆగితే అప్పుడు చేతికి క్లారినెట్. అలా కొన్ని వందల మందికి సంగీతం రుచి చూపించాడు. మంచి మాస్టారే. నోరే కాస్త దురుసు.

పిచ్చుక ఆయన దగ్గరికి ఆరో తరగతిలో వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ కూతురు. సన్నగా, పొట్టిగా ఉండేది కాబట్టి అందరూ పిచ్చుకనేవారు. ఊదేవేవీ వద్దు, సైడ్ డ్రమ్మే కావాలంది.

"డ్రమ్మును నువ్వు మోస్తావా, నిన్ను డ్రమ్ము మోస్తుందా?" అన్నాడు మాస్టారు.

"నేనే మోస్తాను సార్."

మోసింది. ముందు వరుసలో నిలబడి, రెప్ప వేయకుండా ఆయన చేతినే చూస్తూ, రెండేళ్లు వంక పెట్టడానికి లేకుండా వాయించింది.

ఎనిమిదో తరగతిలో ఉండగా, పోటీలకు వారం ఉందనగా, బూరలు ముందుంటే చూడ్డానికి బాగుంటుందని హెడ్మాస్టరు అన్నారు. డ్రమ్ములు వెనక్కి వెళ్లాయి. పొడుగు పిల్లల వెనక పిచ్చుక మునిగిపోయింది. ఆ రోజు నుంచే ఆమె దెబ్బ అర వేటు ఆలస్యంగా పడటం మొదలైంది. మాస్టారు ఒకసారి చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. మూడోసారి బ్యాండంతా ఆపి, విసవిసా వెనక్కి నడిచి ఆమె ముందు నిలబడ్డాడు.

"చెవుల్లో సీసం పోసుకున్నావా?"

గదంతా గొల్లున నవ్వింది. పిచ్చుక అటూ ఇటూ చూసింది. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయనకు ఇంకా మండింది. చేతిలోని పుల్లలు లాక్కుని పక్కపిల్లకిచ్చాడు. పిచ్చుక నవ్వు ఆపి, డ్రమ్ము పట్టీ మెడలోంచి తీసి, జాగ్రత్తగా మేకుకు తగిలించి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గదిలోకి రాలేదు.

ఆ ఏడు కప్పు వాళ్ల బడికే వచ్చింది.

పరీక్షలయ్యాక పిచ్చుక తల్లి టీసీ కోసం వచ్చి, వరండాలో మాస్టారికి ఎదురుపడింది.

"మా అక్క వాళ్లుండే చోటికి పోతున్నామండీ. అక్కడ చెవులు వినపడని పిల్లలకి బడి ఉందట."

"ఎవరికమ్మా వినపడనిది?"

"మా పిల్లకేనండీ. మూడేళ్ల నుంచీ తగ్గుతూ వస్తోందన్నాడు డాక్టరు. మొహాలు చూసి నెట్టుకొచ్చేసింది, మా కళ్లు కూడా కప్పేసింది. డ్రమ్ము ఒక్కటే పొట్టలోకి తెలిసేదట. అందుకే దాన్ని పట్టుకుని వేలాడానని ఇప్పుడు చెబుతోంది."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. పిల్ల ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. నాలుగు తిట్టి ఉన్నా కాస్త ఊపిరాడేదేమో ఆయనకు.

సెలవులయ్యాక మొదటి రోజు బ్యాండు ఎత్తుకోగానే, వెనక వరుసలోంచి ఒక దెబ్బ అర వేటు ఆలస్యంగా వినిపించింది. "ఎవరది?" అన్నాడు. పిల్లలు మొహాలు చూసుకున్నారు. మళ్లీ ఎత్తుకున్నారు. మళ్లీ అదే దెబ్బ. డ్రమ్ముల వాళ్లందరినీ కూర్చోబెట్టి బూరలే వాయించమన్నాడు. అప్పుడూ పడింది.

అది ఆయన్ని వదల్లేదు. ప్రార్థనలో, బస్సు హారన్ల మధ్య, ఇంట్లో పంపు కింద బిందె నిండుతుంటే కూడా. భార్య పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. "మీ చెవులకేం, దివ్యంగా ఉన్నాయి" అన్నాడు డాక్టరు. ఆ మాటకు మాస్టారు తల దించుకున్నాడు. ఎందుకో భార్యకు అర్థం కాలేదు.

అప్పటి నుంచి కొత్త పిల్లలు రాగానే, వాళ్ల వెనక నిలబడి ఒక్కొక్కరినీ లోగొంతుతో పిలిచేవాడు. తిరగని పిల్ల ఉంటే తల్లిదండ్రులకు కబురు పెట్టేవాడు. పదకొండేళ్లలో అలా ఐదుగురిని పట్టుకున్నాడు. మీకిది ఎలా తట్టిందని హెడ్మాస్టరు అడిగితే, ఊరికేనండీ అని దాటేశాడు.

రిటైరయ్యాక ఒకరోజు కాఫీ తాగుతూ భార్యకు మొత్తం చెప్పాడు. "ఎక్కడుందో కనుక్కుని వెళ్లి రండి" అంది ఆవిడ.

ఆ చెవిటి పిల్లల బడివాళ్లు ఆచూకీ చెప్పారు. పుస్తకాలు కుట్టి అంచులు కోసే ప్రెస్సులో పని. ఆయన అక్కడికి వెళ్లేసరికి, యంత్రాల రొదకు మిగతావాళ్లు చెవుల్లో దూది పెట్టుకున్నారు. ఒక్కావిడ పెట్టుకోలేదు. పాతిక దాటి ఉంటాయి. ఆయన్ని చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడింది.

"నా వైపు చూసి, మెల్లగా చెప్పండి సార్." మాటలు ముద్దముద్దగా ఉన్నా తెలుస్తున్నాయి.

దారంతా అనుకుంటూ వచ్చిన మాట మొదలుపెట్టబోయాడు. ఆవిడే అడిగింది.

"సార్, ఆ రోజు ఏమన్నారు?"

ఏ రోజని ఆయన అడగలేకపోయాడు.

"అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఎవర్నడిగినా చెప్పలేదు. ఏమన్నారు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తాళం తప్పావన్నానని చెబితే సరిపోతుంది. కానీ ఆవిడ ఆయన పెదవులనే చూస్తోంది.

"చెవుల్లో... సీసం... పోసుకున్నావా... అన్నాను."

"మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పాడు. ఒక్కో అక్షరం నోరంతా తెరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఓహో" అంది ఆవిడ. "నేను చాలా అనుకున్నాను సార్. ఒక్కోసారి ఒక్కోటి."

ఏమేం అనుకుందో చెప్పలేదు. క్షమించమ్మా అనడానికి ఆయన నోరు తెరిచేసరికి యంత్రం వైపు తిరిగిపోయింది. చూడని మనిషికి మాట ఎలా చేరుతుంది? నిలబడ్డాడు. ఆవిడ రెండు దొంతర్ల అంచులు కోసి, చేతులు దులుపుకుని తిరిగింది.

"బస్సు దొరుకుతుందా సార్?"

"దొరుకుతుందమ్మా."

ఇంటికి రాగానే భార్య ఎదురొచ్చింది. "ఏమంది?"

"ఆ రోజు ఏమన్నానో అడిగింది. చెప్పాను."

"తప్పయిందని చెప్పారా?"

"చెప్పబోయాను. నా వైపు చూడలేదు."

"మళ్లీ వెళ్తారా?"

"రమ్మనలేదు. వద్దనీ అనలేదు."

ఆవిడ కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది.