నల్లోడి చప్పిడి చేప

మొన్న మా మనవరాలి వెంట కొంపల్లిలో కుక్కల తిండి అమ్మే దుకాణానికి వెళ్లాను. తన కుక్కపిల్ల ఒకటే గోక్కుంటోందట, కోడిమాంసం మాన్పించి చేపతో చేసిన తిండి పెట్టి చూడమని డాక్టరు చెప్పారట. పిల్ల అరగంట సేపు ఒక్కో సంచీ వెనక్కి తిప్పి, పదార్థాల పట్టీలో చేప పేరు ముందుందా పిండి పేరు ముందుందా, ఉప్పు ఎంత వేశారు అని పరీక్షకు చదివినట్టు చదివింది. రేపు పెళ్లికొడుకునైనా ఇంత శ్రద్ధగా చూస్తుందో లేదో అని నవ్వుకుంటూ నిలబడ్డాను గాని, నా మనసు అప్పటికే శామీర్‌పేట చెరువు పక్కనున్న మా పాత ఇంటికి వెళ్లిపోయింది.

నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, అప్పట్లో కుక్కకు వేరే తిండి అంటూ ఉండేది కాదు, మనం తినగా మిగిలిందే దాని భాగ్యం. మాది చేపలు పట్టే ఇల్లు. నాయిన పొద్దున్నే వల తీసి, పడిన చేపల్ని గంపకెత్తుకుని అలియాబాద్ దగ్గర రోడ్డు పక్కన కూర్చునేవాడు. ఆ గంపకు కావలి మా నల్లోడు, అంటే మా నల్లకుక్క. కాకి వాలితే ఒట్టు, పిల్లి ఆ ఛాయలకు వస్తే ఒట్టు. గంపలో చేపను తాను మాత్రం మూతితో తాకేవాడు కాదు, అంత నిజాయితీ నేను ఉద్యోగం చేసిన ఆఫీసులో కూడా చూడలేదు.

నాకు పదేళ్లప్పుడు, ఒక ఎండాకాలం, నల్లోడికి వెంట్రుకలు రాలిపోయి ఒళ్లంతా పుండ్లు పడ్డాయి. కొనడానికి వచ్చినవాళ్లు ముందు కుక్కను చూసి, తర్వాత గంపను చూసి, కొనకుండానే వెళ్లిపోవడం మొదలైంది. “గిట్లయితె మన చాపలు ఎవలు కొంటరు? మేడ్చల్ అవతల ఇడిసిపెట్టొస్త,” అన్నాడు నాయిన. అవ్వ, అంటే నాయిన తల్లి, వెంటనే అడ్డుపడింది. “ఒక్క నెల ఆగు కొడుకా. వెంట్రుక మొలవకుంటె నేనే తోల్కపోయి ఇడుస్త.” ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు.

అవ్వ వైద్యం ఆ రోజే మొదలైంది. వేపాకు నీళ్లతో స్నానం, ఆ తర్వాత తిండి. చిన్న చేపల్ని ఉప్పూ కారమూ చింతపండూ ఏమీ వేయకుండా ఉత్త నీళ్లలో ఉడికించి, చల్లారాక ఒక్కో దాన్నీ వేళ్ల మధ్య నలిపి, ముల్లన్నది లేకుండా ఏరి, నూకల జావలో కలిపేది. చూపు మందగించినా ఆమె వేళ్లకు దొరకని ముల్లు లేదు. అంత ఓపిక ఎందుకని అమ్మ నవ్వితే, “ఉడికిన ముల్లు గొంతుల గుచ్చుకుంటె కుక్క నోరు దెరిసి జెప్తదా?” అనేది.

అంతా బాగానే ఉంది గాని, నేనే కొంప ముంచాను. మా ఇంట్లో చేప అంటే పులుసే, చప్పిడి తిండి జ్వరం వచ్చినవాళ్లకే. నల్లోడికి ఇదేదో శిక్ష వేశారనుకుని, నా వాటా పులుసు ముక్కలు తీసుకెళ్లి ఇంటి వెనక దొంగతనంగా పెట్టేదాన్ని, ముళ్లయినా తీయకుండా. నల్లోడు కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ, తోక ఊపుతూ తినేవాడు, అవ్వ పెట్టిన జావను మాత్రం వాసన చూసి వదిలేసేవాడు. పది రోజులైనా పుండు మానలేదు. నాయిన కుక్కను తీసుకెళ్లడానికి గోనెసంచీ కూడా దులిపి పెట్టుకున్నాడు. ఎలాగూ పోతున్నాడు కదా అని నేను ఇంకో ముక్క ఎక్కువ పెట్టాను.

నల్లోడి మీసాలకు అంటిన ఎర్రటి నూనె నా గుట్టు బయటపెట్టింది. అవ్వ దాన్ని చీర కొంగుతో తుడిచి నా వైపు చూసింది, తిట్టలేదు. మధ్యాహ్నం నా కంచంలో కూడా అదే చప్పిడి చేప వడ్డించి, “నువ్వు తింటె అది తింటది. ఇగ కూసో,” అంది. మొదటి ముద్ద గొంతు దిగలేదు, రెండోది ఏడుస్తూ మింగాను, మూడో ముద్దకు నల్లోడు నా మొహంలోకి చూస్తూ తన గిన్నెలో మూతి పెట్టాడు. ఇక రోజూ ఇద్దరం ఎదురెదురుగా కూర్చునే తిన్నాం. వాడకట్టు పిల్లలు నన్ను నల్లోని చెల్లె అని పిలిచినా నాకు కోపం రాలేదు.

నెల గడువు నాటికి పుండ్లు ఎండి, పసిపిల్ల తలలా మెత్తటి వెంట్రుక మొలిచింది. నాయిన వంగి నల్లోడి వీపు నిమిరాడు. ఆ గోనెసంచీని తడిపి చేపల మీద కప్పి, గంప ఎత్తుకుని, నల్లోణ్ణి వెంటపెట్టుకుని అమ్మకానికి వెళ్లాడు. నాకు ఆ రోజు వచ్చిన సంతోషం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా రాలేదు.

మనవరాలు కొన్న తిండి కుక్కపిల్లకు పడింది. పాత తిండిలో రోజుకు కాస్త కాస్త కలుపుతూ అలవాటు చేసింది, ఇప్పుడు గోక్కోవడం తగ్గింది. చూస్తుంటే ముచ్చటగా ఉంది. అప్పుడు మాకూ ఇంత తెలిసి, ఇంత దొరికి ఉంటే ఎంత బాగుండేదో. గంపలో చేపను కుక్కకు పెట్టేది లేదని నాయిన ఖండితంగా చెప్పాడు, ఇంట్లో తలా రెండు ముక్కలకు మించి దొరికేవి కావు. మరి నల్లోడికి ఆ నెలంతా చేపలు ఎక్కడివని ఈ వయసులో గాని నాకు తట్టలేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ రోజుల్లో అవ్వ కంచంలో చేప ముక్క లేని పచ్చిపులుసే కనిపిస్తుంది. ఇప్పుడు కుక్కకు చేప పెట్టడానికి ఎవరూ తమ ముక్క వదులుకోనక్కర్లేదు, మంచి కాలమే. అవ్వను మాత్రం, నువ్వు తిన్నావా అని ఒక్కపూటైనా అడిగి ఉండాల్సింది.