చెట్టు మీద పువ్వైతే వస్తానంది వదిన

మా ఇంట్లో వసంతకాలానికి చోటు లేదు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసేవాళ్ళ ఇళ్ళన్నిటిలోనూ ఇంతే. ఊళ్ళన్నిటా చెట్లు పూసే నెలల్లోనే మార్కెట్టులో బెల్లం దిమ్మలు దిగుతాయి. మా ఆయన పొద్దున్నే వెళ్తే అన్నానికి ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, ఎక్కడికైనా వెళ్ళి పూలతోటలు చూసొద్దామని అడిగాను. "సీజనవనీ, అప్పుడు సూద్దాం" అన్నారు. సీజను అయ్యేసరికి పువ్వులూ అయిపోయాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆయనది అదే జవాబు. నేనూ ఊరుకునే మనిషిని కాదు కాబట్టి ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఫిబ్రవరిలోనూ మా ఇంట్లో అదే దెబ్బలాట.

ఈ ఏడాది దెబ్బలాట మొదలుపెట్టే ఓపిక కూడా లేకపోయింది. దానికి తోడు నా ఫోను నిండా పువ్వులే. మా వీధి ఆడవాళ్ళ గ్రూపులో ఎవరో ఒకరు జపాన్‌లో చెర్రీ పూలని, కాశ్మీరులో తులిప్ తోటలని పంపిస్తూనే ఉంటారు. చచ్చేలోగా చూసి తీరాల్సిన చోట్లంటూ ఒక వీడియో వచ్చింది. వాటిలో ఒక్కదానికి మా ఆయన్ని ఒప్పించేలోగానే నేను పోయేలా ఉన్నాను. సరే, కాశ్మీరు కాశ్మీరులోనే ఉండనీ, మన చుట్టుపక్కల ఏం పూస్తాయో అవే చూసొద్దామని గట్టిగా అనుకున్నాను. తోడుకి ఎవరిని పిలవాలో ఆలోచించనక్కర్లేకపోయింది. వదినని.

వదిన అంటే మా ఆయనకి సొంత అక్క. మా ఇంటికి రెండు వీధుల అవతల కొడుకూ కోడలితో ఉంటుంది. ఆవిడకున్నంత పువ్వుల పిచ్చి నేను ఇంకెవరిలోనూ చూడలేదు. పెరట్లో మల్లె, జాజి, కనకాంబరం, మరువం, చోటు దొరికితే చేమంతి. సాయంత్రం నాలుగయ్యేసరికి గడప మీద కూర్చుని దండలు కట్టేది. చూపు ఎక్కడో ఉండేది, నోరు మనతో మాట్లాడుతూ ఉండేది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. వీధిలో ఆడపిల్లలందరి జడల్లోనూ వదిన కట్టిన దండే.

ఆరేళ్ళ కిందట వదిన భర్త పోయారు. తర్వాత జరగవలసిన తంతు చేయించడానికి పెద్దవాళ్ళు నలుగురు వచ్చారు. తల్లో పువ్వులు తీయించారు. నేను పక్కనే ఉన్నాను. ఇంట్లో మొగుడి మీద లేచే నోరు ఆ రోజు పెగల్లేదు. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. నెల తిరక్కుండా వదిన మనిషిని పిలిచి మల్లె పొదలన్నీ పీకించేసింది. పెరడంతా సిమెంటు చేయించింది. ఆ పని ఎవరూ చెయ్యమనలేదు. ఆనాటి నుంచి పెళ్ళికి వెళ్ళదు, పేరంటానికి వెళ్ళదు, దేవుడికి కూడా కోడలే పువ్వులు పెడుతుంది.

అందుకే ఈ తిరుగుడంతా. నాకు తులిప్పులూ వద్దు, చెర్రీలూ వద్దు. వదిన మళ్ళీ ఒక్కసారి పువ్వుని చూసి మనసారా సంతోషపడాలి. అది నా కళ్ళతో చూడాలి.

ముందు విశాఖపట్నంలో ఫ్లవర్ షోకి వెళ్దామన్నాను. వదిన కందిపప్పు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"కోసిన పువ్వులూ కుండీలో పువ్వులూ నాకెందుకే? అవి ఎవరి తల్లోకో, ఎవరి దండలోకో పోతాయి. సెట్టు మీద పువ్వైతే సెప్పు, వత్తాను. అది సెట్టే పెట్టుకున్నాది. దానికి ఎవరూ వంక పెట్టరు కదా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కానీ వస్తానన్నది కదా, అదే చాలనుకున్నాను. ఆధార్ కార్డు చూపిస్తే ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేదు కాబట్టి, ఆవిడ వెనక్కి తగ్గడానికి ఆ సాకూ లేకపోయింది.

ఫిబ్రవరి ఆఖర్లో మాడుగుల వెళ్ళాం. దిగగానే హల్వా కొన్నాను. వదిన ఒక ముక్క నోట్లో వేసుకుని, "నెయ్యి బాగానే ఏసేడు" అని సర్టిఫికెట్ ఇచ్చింది. అక్కణ్ణించి ఆటో మాట్లాడుకుని కొండల వైపు బయల్దేరాం. పొలాలు దాటేదాకా చెప్పుకోదగ్గదేమీ లేదు. ఎండిన గడ్డి, దుమ్ము, అక్కడక్కడ జీడిమామిడి తోటలు. "ఇదేనేటే నీ కాశ్మీరు?" అని వదిన ఎగతాళి చేస్తూనే ఉంది. రోడ్డు మలుపు తిరిగింది. ఆటో ఆపమని అరిచింది నేను కాదు, వదినే.

కొండ మొదట్లో మోదుగ చెట్లు విరగబూసి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వాలు పొడుగునా ఉన్నాయి. ఏ చెట్టుకీ ఒక్క ఆకు లేదు. నల్లటి ముఖమల్ లాంటి తొడిమల్లోంచి చిలక ముక్కుల్లా వంగిన నారింజ రంగు పువ్వులు, కొమ్మ కొమ్మకీ, వేలెడు జాగా వదలకుండా. గోరింకలు తేనె కోసం కొట్టుకు చస్తున్నాయి. వాటి గోలకి రేకులు రాలి నేల కూడా అదే రంగులోకి తిరిగింది. ఏళ్ళ తరబడి ఫోనులో పరాయి దేశాల పువ్వులు చూసి నోరు తెరిచిన నేను, ఇంటికి గంటన్నర దూరంలో ఇంత వైభవం ఉందని తెలియకుండానే బతికేశాను. సిగ్గేసింది. ఆనందమూ వేసింది.

వదిన ఆటో దిగి చెట్ల దగ్గరికి నడిచింది. తర్వాత మెల్లిగా అంది.

"ఓలమ్మ, ఆకు కూడా ఉంచుకోలేదు సూడే. ఉన్నదంతా పువ్వుకే పెట్టేసింది."

నేను ఫోను తీసి ఫోటోలు మొదలుపెట్టాను. "ఫోన్లో సూడ్డానికి ఇంత దూరం రావాలేటి, ఇంటికాడే సూడొచ్చుగా" అంది. ఫోను లోపల పెట్టేశాను. కింద పడ్డ పువ్వొకటి తీసి ఆవిడకి ఇవ్వబోయాను. వదిన చప్పున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. చిన్నపిల్ల బలపం దాచుకున్నట్టు. తిరిగి ఆటో దగ్గరికి నడుస్తున్నప్పుడు చూశాను, రాలిన పువ్వు ఒక్కటి కూడా కాలికి తగలకుండా చూసి చూసి అడుగులేస్తోంది.

సగం సంతోషంతోనూ సగం దిగులుతోనూ ఇంటికొచ్చాను. మా ఆయన "ఏటి సూసేరు?" అని అడిగి, జవాబు వినకుండానే ఫోనెత్తి బెల్లం ధర మాట్లాడుకున్నారు. ఆయనతో తర్వాత తేల్చుకుందామని వదిలేశాను.

రెండోసారి నేను పిలవలేదు. వదినే కబురు పంపింది. బుచ్చయ్యపేట వైపు బూరుగ చెట్లు పూశాయని పాలు పోసే ఆవిడ చెప్పిందట. మార్చి మొదటి వారం అనుకుంటాను. బస్సు దిగి పొలాల గట్టు మీద నడిచాం. దగ్గర్లో ఎవరో చెరకు రసం కాగబెడుతున్నారు, ఆ తియ్యటి పొగ వాసన గట్టంతా పరుచుకుని ఉంది. ఆ వాసనలోనే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి వదిన దాన్ని పట్టించుకోలేదు. బూరుగ చెట్టు ఎదురుగా నిలబడిపోయింది.

మోదుగ సోకు వేరు, బూరుగ దర్జా వేరు. నిటారుగా నిలబడ్డ మాను, అడ్డంగా చాపిన కొమ్మలు, కొమ్మల మీద గిన్నెలంత గిన్నెలంత ఎర్రటి పువ్వులు. ఇది రేకులు విడిచి మెల్లగా రాలే జాతి కాదు. పువ్వు పువ్వంతా ఒక్కసారే ఊడి, టప్పున పడుతుంది. అట్లా ఒకటి వచ్చి సరిగ్గా వదిన భుజం మీద పడింది.

"ఓలమ్మో!" అని అదిరిపడి, అది జారిపోకుండా చేత్తో పట్టుకుంది. ఆరేళ్ళలో మొదటిసారి వదిన చేతిలో పువ్వు చూశాను. అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

"ఇదేటే, పువ్వా, జాంకాయా? నెత్తి మీద పడితే బొప్పి కట్టీదే!"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నేను లోపల్లోపల దండం పెట్టుకున్నాను, నా పని అయిపోయిందని. వదిన ఆ పువ్వు చేత్తో పట్టుకునే బస్సెక్కింది. అనకాపల్లిలో దిగేటప్పుడు మాత్రం దాన్ని సీటు మీదే ఉంచేసింది. "పట్టుకెళ్ళవా?" అంటే "ఇంటికెందుకులే" అంది. నా సంబరం అక్కడే చల్లారిపోయింది.

మూడోది ఏటికొప్పాక. ఏప్రిల్లో, ఎండ మండిపోతున్నప్పుడు. నిజం చెప్పాలంటే అది పువ్వుల కోసం అనుకున్నది కాదు, వదిన మనవరాలికి లక్క బొమ్మలు కొందామని వెళ్ళాం. అడ్డరోడ్డు దగ్గర దిగి ఆటోలో ఊళ్ళోకి పోయాం. బొమ్మలు చేసే ఒక పెద్దాయన మిషను మీద కర్ర తిప్పుతూ దానికి లక్క పట్టిస్తున్నాడు. తెల్లటి కర్ర చూస్తుండగానే పసుపు రంగులోకి మారి మెరిసింది. ఆ చేతి నేర్పు చూసి నాకు కదలబుద్ధి కాలేదు. వదిన చూపు మాత్రం పక్కన పేర్చిన కర్రల మీద ఉంది.

"ఇదే సెట్టు బాబూ?"

"అంకుడమ్మా. మా బొమ్మలన్నీ దీంతోనే."

"అంకుడు పూత్తాదా?"

ఆయన మిషను ఆపేశాడు. ఆ ప్రశ్న ఎవరూ అడగరు కాబోలు. "పూయకపోడమేటమ్మా! ఇప్పుడే పూత. ఏటి గట్టెంపు నాలుగు సెట్లున్నాయి, యెల్లి సూడండి. మా కర్రకి వాసనుండదు గానీ, పువ్వుకి మాత్రం ఉంటాది" అన్నాడు.

వెళ్ళాం. ఏటి ఒడ్డునే ఉన్నాయి, పెద్ద చెట్లేమీ కావు. లేతాకులు, వాటి చివర గుత్తులు గుత్తులుగా చిన్న తెల్లటి పువ్వులు. మోదుగనీ బూరుగనీ చూసొచ్చిన కళ్ళకి మొదట ఆనలేదు. దగ్గరికి వెళ్ళేసరికి గాలి తిరిగింది. వాసన! అచ్చంగా మల్లె కాదు, కానీ మల్లెకి దగ్గర చుట్టం. ఇన్నాళ్ళూ ఆ బొమ్మల్ని షోకేసులో పెట్టుకున్నాం గానీ, వాటిని కన్న చెట్టుకి ఇంత పరిమళం ఉందని ఎన్నడూ అనుకోలేదు.

వదిన అక్కడే రాయి మీద కూర్చుండిపోయింది. గుండెల నిండా గాలి పీలుస్తోంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

నాలో వీరనారి లేచింది. ఒక గుత్తి తుంచి ఆవిడ ముందు పెట్టాను. "పెట్టుకో వదినా. ఎవరేమంటారో నేను చూస్తాను" అన్నాను. ఆరేళ్ళ కిందట అనాల్సిన మాట, ఆలస్యంగానైనా అన్నానని నాకు గర్వంగా కూడా ఉంది.

వదిన నా చెయ్యి పక్కకి నెట్టింది.

"నీకు తెలీదే. పెట్టుకోవాలని నాకు లేదు. ఆయన పోయేరు, ఆ సరదా పోయింది. అది నా మనసు, ఎవరో సెప్పేరని కాదు. కానీ పువ్వులెట్టుకున్న మనిసి పక్కన కూకోవాలని ఉంటాది. నేనొత్తన్నానంటే నువ్వేటి సేత్తావు? జడలో దండ తీసి ఫ్రిజ్జులో పెట్టేత్తావు. ఆ తలుపు సప్పుడు నాకు ఇనపడదనుకున్నావేటి? నా కోడలూ అంతే. వీధిలో పిల్లలూ అంతే, నన్ను సూసి కొంగు కప్పుకుంటారు. ఆ పెద్దోళ్ళు నా తల్లోంచే తీయించేరు. మీరు నా సుట్టూరా లేకుండా సేసేరు."

ప్రతి మాటా నిజం. వదిన మనసు నొచ్చుకుంటుందని, గేటు చప్పుడు వినగానే పరుగెత్తుకెళ్ళి పువ్వులు దాచేదాన్ని. అదంతా నా గొప్ప మనసు అనుకున్నాను. ఆవిడ పెరట్లో పొదలు పీకించింది ఒక్కసారే, నేను ఆరేళ్ళుగా రోజూ పీకుతూనే ఉన్నాను.

చేతిలో గుత్తి ఉంది. దాన్ని నా జడలోనే దోపుకున్నాను. అంకుడు పువ్వులు ఎవరూ తల్లో పెట్టుకోగా నేను చూడలేదు. ఎందుకో వెంటనే తెలిసింది. తుంచిన కాడలోంచి తెల్లటి పాలు కారి నా మెడంతా జిగురు జిగురైంది.

"సంపేవే! జాకెట్టు పాడైపోద్ది, ఉండు" అని వదిన లేచింది. కొంగుతో నా మెడ తుడిచింది. "ఇదేటి పెట్టుకోడమే, ఇంత వంకరగా" అని తిట్టి, ఆ గుత్తి లాగి, కాడ శుభ్రంగా తుడిచి, తన ముడిలోని పిన్ను తీసి నా జడకి గట్టిగా బిగించింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. మళ్ళీ వచ్చి ఇంకాస్త పక్కకి జరిపింది.

తిరుగు బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, గాలి నా మీంచి తనకి తగిలేలా ఇవతల కూర్చుంది. నా భుజానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది. కశింకోట దాటేసరికి నా భుజం తిమ్మిరెక్కిపోయింది. నిద్రపోయిందనుకుని కొంచెం జరగబోయాను.

కళ్ళు తెరవకుండానే అంది వదిన.

"కదలకే."