మనోవర్తి కింద పులస

రాజమండ్రి కోర్టుకు ఇది నా తొమ్మిదో ప్రయాణం. మొదటిసారి వెళ్ళే ఆడవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. విడిగా ఉంటున్నా ఆడపిల్లలిద్దరి పోషణకు తండ్రి నెలనెలా డబ్బు వెయ్యాలని కోర్టు నిరుడే చెప్పింది. ఆరు నెలలుగా ఆయన వెయ్యలేదు. ఫీజు కట్టకపోతే కాలేజీవాళ్ళు పెద్దమ్మాయిని ఇంటర్ పరీక్ష రాయనివ్వరట. అందుకే ఈ వాయిదా.

ఉదయం ఆరున్నరకు భీమేశ్వరస్వామికి దండం పెట్టుకుని సామర్లకోటలో పాసింజరు ఎక్కాను. టికెట్టు పదిహేను రూపాయలు. కిటికీ పక్కన చోటు దొరికింది, స్వామి దయ. ద్వారపూడికి చీరలు కొనడానికి వెళ్తున్న ఒకావిడ పలకరించింది.

"కోర్టుకా అండి? పొలం తగాదానా?"

"కాదండి, పిల్లల మనోవర్తి."

"ఇస్తున్నాడా?"

"ఇస్తే ఎందుకు వెళ్తానండి."

ఆవిడ డబ్బా తీసి రెండు ఇడ్లీలు నా చేతిలో పెట్టింది. "తినండి. అక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో ఏంటో." పేరు అడగడం మరిచాను. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఎనిమిదింటికి దిగి, షేర్ ఆటోకు ఇరవై ఇచ్చి కోర్టుకు చేరాను. మంచినీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. మా కేసు పిలిచేసరికి పన్నెండు దాటింది.

పిల్లల నాన్న ధవళేశ్వరం దగ్గర గోదావరిలో చేపలు పడతారు. శ్రావణంలో బస్సులో ఇంటికి ఒక పులస పంపారు. దాని ఖరీదు ఇరవై వేలనీ, ఆరు నెలల బాకీ దాంతో తీరిపోయిందనీ ఆయన లాయరు వాదించాడు. "పుస్తెలమ్మైనా పులస తినమన్నారు కదమ్మా," అని నా వైపు తిరిగి నవ్వాడు.

"అమ్మడానికి పుస్తెలు ఎప్పుడో అయిపోయాయండి," అన్నాను.

మా లాయరమ్మ నా చెవిలో, "అందలేదని చెప్పెయ్యండి, రసీదు లేదుగా," అంది. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, అబద్ధం ఆడొద్దని కూడా అప్పుడే చెప్పారు.

"అందిందండి. పిల్లలు తిన్నారు," అన్నాను.

జడ్జిగారు పిల్లల నాన్న వైపు చూశారు. "ఏమయ్యా, కాలేజీవాళ్ళు ఫీజు కింద పులస తీసుకుంటారా? అమ్మి ఆ డబ్బు వెయ్యాల్సింది."

ఆయన తల ఎత్తలేదు. "ఏడాదిలో వలలో పడ్డ మొదటి పులస ఇంటికే పోవాలండి. మావాళ్ళు అమ్మరు."

"అయితే అది నీ ఆచారం, బాకీ కాదు." నెల రోజుల్లో మొత్తం కట్టాలనీ, లేకపోతే జైలుకు పంపాల్సి వస్తుందనీ జడ్జిగారు చెప్పారు.

బయట మెట్ల దగ్గర ఆయన నా ముందు ఆగారు. పిల్లల సంగతి అడుగుతారని నేనూ ఆగాను. "వచ్చే ఏడు పంపన్లే," అని గేటు వైపు వెళ్ళిపోయారు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది.

నాలుగింటి బండిలో తిరుగు ప్రయాణం. కోర్టు ఇప్పించగలిగింది ఇప్పించింది, ఆ జడ్జిగారికి వెయ్యి దండాలు. అయినా తిరిగి వచ్చేటప్పటి కంటే పొద్దున వెళ్ళేటప్పుడే గుండె తేలిగ్గా ఉంది.

అనపర్తి దగ్గర పెద్దమ్మాయి ఫోన్ చేసింది. ఫీజు నెల్లో వస్తుందని చెప్పాను.

"నాన్న మా గురించి అడిగారా అమ్మా?"

"అడిగారమ్మా," అన్నాను. "ఇద్దర్నీ పేరుపేరునా అడిగారు."