వేలాడే స్తంభం కింద సందు

ఓబళప్ప ఇరవై రెండేళ్లుగా బెంగళూరులో టాక్సీ నడుపుతున్నాడు. హైదరాబాదుకు పోయే కుటుంబాలు దారిలో లేపాక్షి చూపించమంటాయి. తీరిక ఉన్నవాళ్లు పక్కకు తిప్పించుకుని గండికోట, బెలుం గుహలు కూడా. చూపించడమంటే బండిని గేటు దాకా తీసుకుపోవడమే. వాళ్లు లోపలికి పోగానే ఈయన సీటు వెనక్కి వాల్చేవాడు. తెల్లారకముందే లేచి బయల్దేరిన మనిషికి ఆ గంట కునుకే దక్కేది. బెంగళూరు మడివాళలో ఆయన పక్కింటివాణ్ణి నేను, ఆ నిద్రకు తప్పు పట్టను. ఇంటికొచ్చాక ఆయన చేసిన పనికే తప్పు పడతాను.

ఇంట్లో భార్య మల్లమ్మ ఆత్రంగా అడిగేది, ఈసారి ఏం చూసినావని. నిద్రపోయానని చెప్పుకోవడం ఆయనకు నామోషీ. తిరుగుదారిలో ప్రయాణికులు అనుకున్న నాలుగు ముక్కలకు తన నాలుగు అతికించి చెప్పేవాడు. లేపాక్షిలో వేలాడే స్తంభం ఉందని విని, వేలాడడమంటే నిజంగా వేలాడడమే అనుకున్నాడు.

"ఉయ్యాల మాదిరి ఊగుతా ఉండాది మే. కింద మనిషి వంగి దూరిపోవచ్చు" అన్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. మల్లమ్మ ఆ ఊగే స్తంభం సంగతి మా ఆవిడకు కూడా చెప్పింది, తానే చూసొచ్చినట్టు.

రెండేళ్ల కింద చక్కెర జబ్బు ఆమె కళ్ల మీద పడింది. ఒకటి పోయింది. రెండోది ఈ వానాకాలం దాటడం కష్టమని డాక్టరు చెప్పాడు.

"పోతే పోనీలే. నువ్వు చెప్పినవన్నీ లోపల ఉండాయి గదా, అవి చూసుకుంటా కూర్చుంటా" అందట మొగుడితో.

లేపాక్షి ఒక్కటి మాత్రం కంటితో చూడాలంది. అనంతపురంలో కూతురు రాధిక ఇంటికి పోతూ ఆగుదామనుకున్నారు. నన్నూ మా ఆవిడనూ కూడా బండెక్కించుకున్నారు.

గుడి వాకిట్లోనే నాకు అనుమానం వచ్చింది. ఇన్నిసార్లు వచ్చిన మనిషి కాపలావాణ్ణి పట్టుకుని, "ఆ స్తంభం యాడుండాదప్పా?" అని అడిగాడు.

మంటపంలో జనం తువ్వాళ్లూ చున్నీలూ ఆ స్తంభానికీ నేలకూ మధ్య ఉన్న సన్నటి సందులో ఈవలి నుంచి ఆవలికి లాగుతున్నారు. మల్లమ్మకు మసకలో ఏమీ తేలలేదు. నేల మీద కూర్చుని తడిమింది. కొంగు దూరింది, చెయ్యి దూరలేదు. రెండు చేతులతో రాయిని తోసి చూసింది.

"ఇది ఊగదే?"

ఓబళప్ప వంగి ఆ సందులోకి చూశాడు.

"నువ్వెప్పుడూ లోపలికి రాలేదా?"

"లేదు మే."

"గండికోట?"

"లేదు."

"గుహలు?"

తల అడ్డంగా ఊపాడు. ఆమెకు కనబడదని గుర్తొచ్చి, "లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆమె అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కొంగు దులుపుకుని ఆ స్తంభానికే ఆనుకుని కూర్చుంది.

"సరేలే. బయట ఉంటివి గదా. ఆ బయటన్నా ఎట్ల ఉండాదో చెప్పు. చూసిందే చెప్పు, కట్టి చెప్పొద్దు."

ఆమె ఆయన గొంతు వచ్చే వైపు ముఖం పెట్టుకుని ఎదురుచూసింది.

"నిద్రపోతా ఉంటిని మల్లీ" అన్నాడు.