పేపరు అట్ట వేసిన పుస్తకం

ఆ ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్ళో పేపరు అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఉంది. కోచింగ్ పుస్తకమనుకుని, ఏ పరీక్షకని అడిగాను.

"బైబిలక్కా," అంది నా చెవిలో. "మేం ముస్లింలం. నేను బాప్తిస్మం తీసుకున్నంక మా అన్న చంపుతనన్నడు. మూడు ఇండ్లు మారిన."

ఎల్బీనగర్ వస్తుండగా ఆమె ఫోను మోగింది. మాట్లాడి కళ్ళు తుడుచుకుంది.

"మా అమ్మ! రెండేండ్లకు మాట్లాడింది. రేపు మోకాలి ఆపరేషనంట. మీ చర్చిల గూడ దువా చెయ్యమని, అన్న ముంగటనే అడిగిందక్కా!"

ఆ అట్ట చింపి నా చేతిలో పెట్టింది. నల్లటి బైబిలును గుండెకు ఆనించుకుని, నిండు బస్సులో "జర జరగుండ్రి!" అంటూ దిగిపోయింది. ఆ గొంతు డ్రైవరు దాకా వినిపించింది.